మౌత్ ఆర్గన్‌పై స్వరకల్పన: బ్లూస్ వరుసల సాధన

సంగీతాభ్యాసంలో ‘వరుస’ అనే మాటకున్నంత గౌరవం మరొక మాటకు లేదు. దానికి జరిగేంత అన్యాయమూ మరొక మాటకు జరగదు. సరళీ వరుసలతో విద్య ఆరంభించని గాయకుడు మన దేశంలో అరుదు. అయితే ఆ వరుసను పైకీ కిందికీ వేగంగా పలికించగలిగిన నాడే విద్య చేతికి వచ్చిందని భ్రమించే అభ్యాసకులు ఎందరో ఉన్నారు. వరుస తెలిసినవాడు వాద్యం ముందు కూర్చుని, ‘ఇప్పుడు నీకు తోచినది వాయించు’ అనగానే మూగవాడౌతాడు. తెలిసిన ఆరు స్వరాలూ అతనికి ఆరు మెట్లుగానే కనిపిస్తాయి; ఎక్కడము, దిగడము తప్ప ఆ మెట్లపై మరేమి చేయవచ్చునో అతనికి తెలియదు. ఈ చిక్కు ఎక్కడిది, దానిని దాటే సాధన ఎట్టిది అన్న విషయాన్ని ఒక చిన్న వాద్యాన్ని ఆధారంగా చేసుకొని యీ వ్యాసంలో పరిశీలిద్దాము. ఆ వాద్యం మౌత్ ఆర్గన్. దానిపై వాయించే సంగీతం అమెరికా నీగ్రోజాతివారి వేదన నుండి పుట్టి, నేడు ఆఫ్రో-అమెరికన్ సంగీతంగా లోకమంతా గౌరవించే బ్లూస్.

మౌత్ ఆర్గన్ మనకు కొత్తది కాదు. 1958లో వచ్చిన ‘సోల్వా సాల్’ హిందీ చిత్రంలో హేమంత్ కుమార్ పాడిన పాట వెనుక వినిపించే మౌత్ ఆర్గన్ రాహుల్ దేవ్ బర్మన్ వాయించినది. 1975 నాటి ‘షోలే’లో సాయంవేళ వినిపించే ఆ చిన్న వాద్యపు విషాదాన్ని ఎరుగని ప్రేక్షకుడు మన ప్రాంతంలో ఉండడు, దానిని వాయించినవారు భానుగుప్త. అయినను యీ వాద్యాన్ని తిరునాళ్లలో కొనే ఆటవస్తువుగా చూసే అలవాటు మనలో పోలేదు. జర్మనీలోని ట్రోసింగెన్‌లో మత్తియాస్ హోనర్ 1857లో వీటి తయారీని ప్రారంభించాడు. ఆ సంస్థ 1896లో వెలువరించిన ‘మెరైన్ బ్యాండ్’ అనే పది రంధ్రాల నమూనా అమెరికా దక్షిణ రాష్ట్రాల నల్లజాతి కూలీల జేబులలోకి చేరినది. 1865లో చట్టరీత్యా బానిసత్వం పోయినా బ్రతుకులో పోని ఆ ప్రజలకు పియానో కొనే స్తోమత లేదు. జేబులో పట్టే వాద్యము, పొలంలో పాడుకొనే పాట కలిసి ఒక కళాసంప్రదాయమైనవి. ఆ వాద్యాన్ని పాటకు తోడుగా గాక స్వయంగా మాట్లాడే గొంతుగా నిలిపినవారిలో జాన్ లీ ‘సన్నీ బాయ్’ విలియమ్సన్ (1914–1948), లిటిల్ వాల్టర్ (1930–1968) అగ్రగణ్యులు.

ముందు వాద్యం నిర్మాణం తెలుసుకొనవలె. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. బజారులో విరివిగా దొరికే రెండు వరుసల, ఇరవైనాలుగు రంధ్రాల మౌత్ ఆర్గన్ మన పనికి రాదు. దానిలో ప్రతి స్వరానికి రెండేసి రీడ్లు కొద్ది తేడాతో మ్రోగి ఒక వణుకు కలిగిస్తాయి. సినిమా పాటలకు అది ఇంపుగానే ఉంటుంది గాని, స్వరాన్ని వంచడానికి లొంగదు. ఒకే వరుసలో పది రంధ్రాలుండి, ‘సి’ అనే అక్షరం చెక్కి ఉన్నదానిని కొనవలె. మన లెక్కలో అది ఒకటవ శ్రుతి.

పది రంధ్రాలలో ప్రతిదానికి రెండు స్వరాలు. ఊదితే ఒకటి, పీల్చితే మరొకటి. నాలుగవ రంధ్రం ఊదితే షడ్జమనుకొన్నచో, నాలుగు పీల్చితే రిషభం, ఐదు ఊదితే గాంధారం, ఐదు పీల్చితే మధ్యమం, ఆరు ఊదితే పంచమం, ఆరు పీల్చితే ధైవతం. ఏడవ రంధ్రంలో క్రమం తలక్రిందులౌతుంది; అక్కడ ముందు పీల్చితే నిషాదం, తరువాత ఊదితే తారషడ్జం. ప్రారంభకులందరూ తడబడేది యీ ఏడవ రంధ్రం వద్దనే. ఈ విధంగా వచ్చే వరుస ధీరశంకరాభరణం. 72 మేళకర్తలలో 29వది. కాని కింది స్థాయికి వస్తే విచిత్రం కనిపిస్తుంది. ఒకటవ రంధ్రం నుండి నాలుగవ రంధ్రం వరకు మధ్యమము, ధైవతము అసలే లేవు. జానపద గీతాలకు పలు స్వరాలు ఒక్కసారి కలిపి మ్రోగించుటకు అనువుగా వాద్యాన్ని కూర్చినందువల్ల ఆ రెండు స్వరాలను విడిచిపెట్టవలసి వచ్చినది. ఈ లోపమే బ్లూస్ వాద్యకారులకు వరమైనది.

ఎట్లనగా, వారు ఆ వాద్యాన్ని దాని సొంత షడ్జంపై వాయించడం మానివేసి, పంచమాన్నే షడ్జంగా తీసుకొన్నారు. ఇంగ్లీషువారు దీనికి ‘క్రాస్ హార్ప్’ అని, ‘రెండవ స్థానం’ అని పేర్లు పెట్టుకొన్నారు. మన శాస్త్రం చదివినవారికి ఇది వెంటనే గుర్తుకు రావలసిన విషయం: ఇది గ్రహభేదం. శంకరాభరణంలోని పంచమాన్ని షడ్జంగా భావిస్తే హరికాంభోజి వస్తుందని మన సంగీత విద్యార్థి మొదటి సంవత్సరాలలోనే నేర్చుకొంటాడు. ‘సి’ వాద్యంపై రెండవ రంధ్రం పీల్చితే వచ్చే స్వరం ఇక మన షడ్జం, శ్రుతి అయిదు. అక్కడి నుండి మూడు పీల్చితే అంతర గాంధారం, నాలుగు ఊదితే శుద్ధ మధ్యమం, నాలుగు పీల్చితే పంచమం, ఐదు ఊదితే చతుశ్శ్రుతి ధైవతం, ఐదు పీల్చితే కైశిక నిషాదం, ఆరు ఊదితే తారషడ్జం. ముఖ్యమైన స్వరాలు అధికభాగం పీల్చడంలో పడినవని గమనించవలె. పీల్చిన స్వరాన్ని కిందికి వంచవచ్చును. కింది ఆరు రంధ్రాలలో ఊదిన స్వరం అట్లు వంగదు. గ్రహభేదం చేయడంలోని అసలు ప్రయోజనం అదే.

ఇప్పుడు బ్లూస్ వరుస. పాశ్చాత్య గ్రంథాలలో దీని వివరణకు పుటలు పుటలు కేటాయిస్తారు గాని, తెలుగువారికి ఒక వాక్యం చాలును. మన శుద్ధ ధన్యాసి స్వరాలకు ప్రతిమధ్యమాన్ని నడక స్వరంగా చేర్చినదే బ్లూస్ వరుస. షడ్జం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, కైశిక నిషాదం; ఉత్తరాదివారు ఇదే స్వరసంపుటిని ధానీ అంటారు. మధ్యమానికి పంచమానికి నడుమ ప్రతిమధ్యమం ఒక్కక్షణం మెరిసి మాయమౌతుంది, దానిపై నిలబడరు. అయితే రాగం వేరు, వరుస వేరు అన్నది మరువరాదు. స్వరాలు ఒకటైనంత మాత్రాన బ్లూస్ శుద్ధ ధన్యాసి కాదు, శుద్ధ ధన్యాసి బ్లూసూ కాదు. మన చెవికి ఆ దూరాలు ముందే పరిచితమన్నంత వరకే యీ పోలిక ఉపయోగం.

వాద్యంపై యీ స్వరాల స్థానాలు ఇవి: షడ్జం రెండవ రంధ్రం పీల్చుట, మధ్యమం నాలుగు ఊదుట, పంచమం నాలుగు పీల్చుట, నిషాదం ఐదు పీల్చుట, తారషడ్జం ఆరు ఊదుట. ఇవన్నీ నేరుగా దొరుకుతాయి. సాధారణ గాంధారం మాత్రం నేరుగా లేదు. మూడవ రంధ్రం పీల్చితే వచ్చే అంతర గాంధారాన్ని అరస్వరం కిందికి వంచి దానిని సంపాదించవలె. ప్రతిమధ్యమం కూడ అంతే. నాలుగు పీల్చిన పంచమాన్ని అరస్వరం వంచితే వస్తుంది.

ఈ వంచుట అనే క్రియయే వాద్యానికి ప్రాణం. ఇది పెదవుల బలంతో గాని, ఊపిరి బలంతో గాని అయ్యే పని కాదు. ‘ఈ’ అని పలికేటప్పుడు నాలుక ఉండే స్థితి నుండి ‘ఊ’ అని పలికే స్థితికి లోపలనే జరిపి, గొంతును వదులుగా ఉంచి నింపాదిగా పీల్చినచో స్వరం తనంతట కిందికి జారుతుంది. బలవంతంగా లాగితే రీడు శ్రుతి తప్పి వాద్యం పాడౌతుంది. నాలుగవ రంధ్రంపై మొదట అభ్యసించి, అది లొంగిన తరువాత మూడవదానికి పోవుట మేలు. మూడవ రంధ్రం మూడు అరస్వరాల దూరం వంగుతుంది కనుక, అందులో కావలసిన చోట ఆపడం వారాల పని.

కంఠంలోని గమకాన్ని ఊపిరితో వాద్యంలోకి తెచ్చే యీ విద్య మన గడ్డకు పరాయిది కాదని చెప్పుటకు నాదస్వరాన్ని మించిన సాక్ష్యం లేదు. నాదస్వరానికి వేళ్ల రంధ్రాలు ఏడే. వాటి నడుమ స్వరాలన్నింటినీ విద్వాంసుడు ఊపిరి ఒత్తిడితోను, పీకపై పెదవి పట్టుతోను సాధిస్తాడు. ఆంధ్రదేశంలో యీ వాద్యాన్ని తరతరాలుగా పోషించినవారిలో ముస్లిం కుటుంబాలు ప్రముఖమైనవి. ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో జన్మించిన షేక్ చినమౌలానా సాహెబు, చిలకలూరిపేట ఆదం సాహెబు వద్ద శిక్షణ పొంది, తరువాత తంజావూరు బాణీని నేర్చి, శ్రీరంగంలో స్థిరపడి, 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదు పొందినారు. 1999లో వారు పరమపదించారు. ఆ సంప్రదాయంలోని షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020 సంవత్సరపు పద్మశ్రీ లభించినది. ఉర్దూ, తెలుగు కలిసి నడిచే మన కళాశాలలోని విద్యార్థులు యీ పేర్లను తెలుసుకొనవలసిన అవసరం ఉన్నది. సంగీతం మన ఇళ్లలోనిది కాదు అనే మాట విన్నప్పుడు యీ పేర్లే సమాధానం.

ఇక సాధన సంగతి. ఉర్దూలో ‘రియాజ్’ అనే మాట ఉన్నది. రోజూ ఒక పనిని శ్రద్ధతో మళ్లీ మళ్లీ చేసి శరీరానికి అలవరచుట దాని భావం. రియాజ్‌కు మొదటి నియమం ఆధారశ్రుతి. ఒంటరిగా, శ్రుతి లేకుండా వరుసలు వాయించేవాడికి రంధ్రాల సంఖ్యలు వస్తాయి గాని స్వరాలు రావు. హార్మోనియంపై అయిదవ శ్రుతి షడ్జ పంచమాలు మ్రోగుతుండగా రెండవ రంధ్రం పీల్చి, రెండు నాదాలు ఒకటైపోయే వరకు నిలుపవలె. నేడు చేతిఫోనులోనే శ్రుతిపెట్టె లభిస్తున్నది కనుక శ్రుతి లేదనే సాకు ఎవరికీ లేదు. తరువాత పంచమం, ఆపై మధ్యమం, నిషాదం ఒక్కొక్కటిగా తీసుకొని, వాయించుటకు ముందు నోటితో పాడి, పాడినది సరియేనని వాద్యంతో సరిచూసుకొనవలె. ఈ క్రమాన్ని తలక్రిందులు చేయరాదు. వాద్యం చెప్పగా చెవి వినుట ఒక పని. చెవి కోరగా వాద్యం పలుకుట మరొక పని. స్వరకల్పన పూర్తిగా రెండవదానిపై ఆధారపడి ఉన్నది.

ఆ తరువాతనే వరుసలు. వంచుట ఇంకా రానివారు గాంధారం విడిచి, స మ ప ని అనే నాలుగు స్వరాలతో ఆరంభించవచ్చును. వంచుట వచ్చిన పిమ్మట ‘స గ మ ప ని స, స ని ప మ గ స’ అని మూడు కాలాలలో. పిమ్మట జంట వరుసగా ‘సస గగ మమ పప నిని సస’ అని. ఆపై మూడేసి స్వరాల కూర్పుగా ‘సగమ గమప మపని పనిస’ ఎక్కుతూ, ‘సనిప నిపమ పమగ మగస’ దిగుతూ సాధించవలె. పురందరదాసు పేర మనకు సంక్రమించిన అభ్యాస పద్ధతికి ఇది వేరు కాదు. మొదటి కాలంలో వంచిన గాంధారం శ్రుతిలో నిలువనంత వరకు రెండవ కాలానికి పోరాదు. వేగం అపశ్రుతిని దాచుతుందే గాని సరిచేయదు.

ఇంతవరకు చెప్పినది చాలామంది చేస్తారు. ఇక్కడితో ఆగిపోవుటయే మొదట చెప్పిన చిక్కుకు కారణం. వరుస పూర్తిగా వచ్చినవాడు ఇప్పుడు దానిని తగ్గించుకొనవలె. ఒక వారంపాటు రెండే స్వరాలు: షడ్జము, గాంధారము. ఈ రెంటితో ఎన్ని విధాలుగా మాట్లాడగలమో చూడవలె. ఒకదానిని పొడిగించి, ఒకదానిని తుంచి, నడుమ మౌనముంచి, గాంధారాన్ని సగం వంచి, పూర్తిగా వంచి, వంచిన చోటు నుండి మెల్లగా వదలి చూడవలె. బ్లూస్ గాయకులు పాడే గాంధారం నిజానికి సాధారణానికి అంతరానికి నడుమ ఊగిసలాడేది. మన తోడిలో గాంధారం ఒకచోట నిలువక కదలుతూనే రాగాన్ని చూపినట్లు, అక్కడ కూడ ఆ కదలికలోనే భావమున్నది. రెండవ వారం మధ్యమాన్ని చేర్చుకొనవలె, తరువాత పంచమాన్ని. ఆరు స్వరాలు ఒకేసారి చేతికిచ్చినవాడు వాటిని వరుసగా వాయిస్తాడు, వేరే దారి తోచదు కనుక. రెండే ఇచ్చినవాడు లయను, మౌనాన్ని వెదుక్కొంటాడు.

లయ విషయంలో బ్లూస్‌కు ఒక స్థిరమైన చట్రం ఉన్నది. నాలుగు దెబ్బల ఖండాలు పన్నెండు. మొత్తం 48 దెబ్బలు. మనం ఎనిమిది అక్షరాల ఆదితాళంగా లెక్కించుకొంటే సరిగ్గా ఆరు ఆవర్తాలౌతాయి. మొదటి రెండు ఆవర్తాలు షడ్జం ఆధారంగా సాగుతాయి. మూడవ ఆవర్తంలో తోడు వాద్యాలు మధ్యమాన్ని ఆధారం చేసుకొంటాయి. నాలుగవది మరల షడ్జం. అయిదవ ఆవర్తంలో మొదటి సగం పంచమం, రెండవ సగం మధ్యమం. ఆరవది షడ్జం, తరువాత మళ్లీ మొదటికి. చేతితో తాళం వేస్తూ యీ ఆరు ఆవర్తాల ఆధారస్వరాలను నోటితో పాడుకొనుట వాద్యం తాకని సాధన. బస్సులో కూర్చుని కూడ చేసుకొనవచ్చును.

ఈ ఆరు ఆవర్తాలలో మాట ఎట్లా అమరుతుందో మన ఉర్దూ విద్యార్థులకు చెప్పనక్కరలేదు. ముషాయిరాలో షాయరు మొదటి మిస్రాను చదువుతాడు. సభ ‘వాహ్వా’ అంటుంది. ఆయన దానినే మళ్లీ చదువుతాడు. శ్రోతల మనస్సు రెండవ మిస్రా కొరకు ఎదురు చూస్తుండగా దానిని విడిచి, ఖాఫియా రదీఫులతో భావాన్ని ముగిస్తాడు. బ్లూస్ పాట నిర్మాణం కూడ ఇదే: రెండు ఆవర్తాలలో ఒక పాదం, తరువాతి రెండింటిలో అదే పాదం, చివరి రెండింటిలో సమాధానం. రెండవమారు పాదం మారదు గాని కింది ఆధారస్వరం షడ్జం నుండి మధ్యమానికి మారుతుంది కనుక, అదే మాటకు మరొక రంగు వస్తుంది. పాదం ఆవర్తమంతా నిండి ఉండదు. గాయకుడు సగంలో ఆపితే మిగిలిన సగంలో మౌత్ ఆర్గన్ బదులు పలుకుతుంది. బుర్రకథలో కథకునికి వంతలవారు బదులిచ్చినట్లే. కాబట్టి స్వరకల్పన నేర్చే విద్యార్థి వరుసను మరచి, ముందుగా ఒక చిన్న స్వరవాక్యం కల్పించుకొని, దానిని రెండుమార్లు చెప్పి, ఒక సమాధానం వెదకవలె. ఎంతసేపటికీ కొత్తదే వాయించాలని ఆరాటపడేవాడి సంగీతం వినేవారికి గుర్తుండదు.

ఎక్కడ నిలువవలె అన్నది తరువాతి ప్రశ్న. షడ్జ ఆవర్తాలలో షడ్జ పంచమాలపై నిలుచుట క్షేమం. మధ్యమ ఆధారం వచ్చినప్పుడు మధ్యమంపై గాని, షడ్జంపై గాని నిలువవచ్చును. షడ్జం రెండు చోట్లా పొసగుతుంది. అక్కడ జాగ్రత్తపడవలసినది మూడవ రంధ్రం. దానిని వంచక అంతర గాంధారంగానే వదలి నిలిచినచో మధ్యమ ఆధారంతో కొట్టుకొని వికటిస్తుంది. వంచి సాధారణ గాంధారం చేసినచో అమృతంలా ఒదిగిపోతుంది. షడ్జ ఆవర్తంలో రెండు గాంధారాలూ చెల్లుతాయి. ఇది ఏ పట్టికలోనో చూసి కంఠస్థం చేయదగిన నియమం కాదు. శ్రుతిపెట్టెను మధ్యమానికి మార్చి ఒకసారి, షడ్జానికి మార్చి ఒకసారి అదే రంధ్రం వాయించి చూసినవాడికి ఒక్క సాయంత్రంలో తెలిసిపోతుంది. చూడనివాడికి సంవత్సరానికైనా తెలియదు.

సందర్భం వచ్చినది కనుక కళాశాల సంఘంవారికి ఒక విన్నపం. ఒక హార్మోనియము, తరగతులు ముగిసిన పిమ్మట ఒక గంట తెరచి ఉంచే ఒక గది ఉన్నచో యీ విద్యకు మరేమీ అక్కరలేదు. గది దొరకనివారికి వెలుగోడు జలాశయపు కట్ట ఉండనే ఉన్నది. సాయంత్రపు గాలి మాత్రం శ్రుతిని కొంత ఎత్తుకుపోతుంది. వాద్యాలను ఒకరివి ఒకరు వాడరాదు. వాయించుటకు ముందు నోరు కడుగుకొనుట, వాయించిన తరువాత రంధ్రాలు కిందికి ఉండునట్లు అరచేతిపై తట్టి తడి రాల్చుట నియమంగా పెట్టుకొనవలె. కొత్తవారికి వరుసగా పీల్చడంవల్ల తల తిరిగినట్లుంటుంది. అప్పుడు ఆపి, కొంతసేపు కేవలం తాళం వేయడం మంచిది. రోజుకు అరగంట చాలును. అందులో పది నిమిషాలు శ్రుతి, పది నిమిషాలు వరుసలు, మిగిలిన పది నిమిషాలు కల్పన. వరుసలు సరిగా రాలేదని కల్పనను రేపటికి వాయిదా వేసేవారు ఏ రేపటికీ దానిని మొదలుపెట్టరు.

సాధనతోపాటు వినికిడి కూడ జరుగుతుండవలె. లిటిల్ వాల్టర్ 1952లో రికార్డు చేసిన ‘జూక్’ అనే వాద్యగీతంలో మాట లేదు, మౌత్ ఆర్గనే కథానాయకుడు. ఆయన వాద్యంతోపాటు మైకును కూడ అరచేతులలో మూసి పట్టి వాయించేవాడు. ఆ గొంతులోని గరగర అందువల్లనే. మొదటిసారి కేవలం తాళం వేస్తూ ఆరు ఆవర్తాలు ఎక్కడ ముగిసి ఎక్కడ మొదలౌతున్నవో గుర్తించవలె. రెండవసారి ఆయన ఎక్కడ ఊరకున్నాడో వినవలె. మూడవసారి మాత్రమే స్వరాలు. ఆయన వాద్యం శ్రుతి వేరు కనుక ‘సి’ వాద్యంతో దానిపై కలిపి వాయించుటకు ప్రయత్నిస్తే పొసగదు. విన్న వాక్యాన్ని స రి గ మలలో పాడుకొని, తరువాత మన రెండవ రంధ్రం షడ్జంగా దానిని వెదకవలె. అదే పద్ధతిలో చినమౌలానా సాహెబుగారి నాదస్వరంలోని ఒక చిన్న సంచారాన్ని విని, పాడి, మౌత్ ఆర్గన్‌పై వెదకి చూడవచ్చును. కొన్ని స్వరాలు దొరుకుతాయి, కొన్ని వంచవలసి వస్తుంది, కొన్ని ఎంత వంచినా దొరకవు.